పల్నాటి సరుకు ఏ రేవుకు చేరింది?

మాచర్ల స్టేషన్ దాటితే పట్టాలు లేవు. గుంటూరులో మొదలై సత్తెనపల్లి, పిడుగురాళ్ల, నడికుడి, గురజాల, రెంటచింతల మీదుగా దాదాపు 130 కిలోమీటర్లు వచ్చిన రైలుదారి ఇక్కడితో సరి. ఒక పక్క నల్లమల కొండలు, మరో పక్క కృష్ణ. బందరు సముద్రం ఇక్కడికి రెండు వందల కిలోమీటర్ల పైమాటే. ఇంత లోపలి ఊరికి ఓడరేవుల ముచ్చట ఎందుకని అనిపించడం సహజం. కానీ ఆంధ్ర తీరాన పేరు మోసిన పాత రేవుల చరిత్ర తిరగేస్తే, వాటి వెనకాల ఎక్కడో ఒకచోట పల్నాడు కనిపిస్తుంది. రేవుల కథను చాలామంది సముద్రం వైపు నుంచే చెప్పారు: ఏ ఓడ వచ్చింది, ఏ తెల్లవాడు దిగాడు, ఏ కోట కట్టాడు అని. సరుకు బయలుదేరిన చోట నిలబడి చెబితే ఆ కథ వేరేగా ఉంటుంది.

మాచర్లకు పాతిక కిలోమీటర్ల దూరంలో, ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉన్న లోయలో, క్రీస్తుశకం మూడో శతాబ్దంలో విజయపురి అనే రాజధాని ఉండేది. ఇక్ష్వాకులు ఏలిన ఊరు. డ్యాం కట్టే ముందు, 1954 నుంచి 1960 దాకా అక్కడ ముమ్మరంగా తవ్వకాలు జరిపి, దొరికినవాటిలో కొన్నిటిని కొండ మీదికి, అంటే ఇప్పటి ద్వీపం మీదికి తరలించారు. ఆ లోయలో దొరికినవాటిలో రోమన్ బంగారు నాణేలున్నాయి. సింహళ భిక్షువుల కోసం కట్టిన విహారం ఉంది. అన్నిటికంటే నన్ను ఎక్కువగా ఆకట్టుకునేది బోధిసిరి అనే ఉపాసిక వేయించిన శాసనం. వీరపురుషదత్తుడి 14వ పాలనా సంవత్సరం నాటిది. విజయపురికి తూర్పున శ్రీపర్వతం మీద తాను కట్టించిన చైత్యగృహం సంగతి చెబుతూ, తన ఇతర ధర్మకార్యాలనూ ఆమె వరసగా రాయించింది. వాటిలో ఒకటి కంటకసేలలోని మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం.

కంటకసేల అంటే ఇవాళ కృష్ణా జిల్లాలో ఉన్న ఘంటసాల. అంతకు ముందు శతాబ్దంలోనే గ్రీకు భూగోళ రచయిత టాలెమీ ఆ ఊరిని వర్తక కేంద్రంగా పేర్కొన్నాడు. దానికి కాస్త ఎగువన, సువర్ణభూమికి పోయే ఓడలు తీరాన్ని విడిచి నడిసముద్రం వైపు మళ్లే చోటు ఉందని కూడా రాశాడు. ఇప్పుడు రెండు సమాచారాలనూ పక్కపక్కన పెట్టి చూడండి. మాచర్ల పక్క లోయలో గుడి కట్టించిన ఒక స్త్రీ, అదే ఊపులో రేవుపట్నంలోనూ మండపం కట్టించింది. అదే శాసనంలో కాశ్మీరం, గాంధారం, చీనా, వంగ, వనవాసి, యవన, ద్రమిళ దేశాల పేర్లు, వాటిని బౌద్ధంలోకి తెచ్చిన తామ్రపర్ణి థేరుల ప్రస్తావన వస్తాయి. రాకపోకలు నిత్యం సాగే దారి లేకుండా ఇది జరగదు. విజయపురికి సముద్రం దూరమైనా, రేవు పరాయిది కాదు. తరవాతి శతాబ్దాల్లో కృష్ణ మోసుకొచ్చిన ఒండ్రుతో తీరం ముందుకు జరిగిపోయి, ఘంటసాల పొలాల మధ్య ఊరైపోయింది. ఈ తీరం మీద ఏ రేవుకైనా ఉన్న గండం అదే. పైనేలల నుంచి సరుకు తెచ్చే నదే, దానితోపాటు ఇసుకనూ మన్నునూ తెచ్చి రేవును పూడుస్తుంది.

ఆ తరవాత పేరుకెక్కింది మోటుపల్లి. ఇప్పటి బాపట్ల జిల్లాలో చినగంజాం దగ్గరి పల్లె. అక్కడి వీరభద్రాలయంలో కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన అభయశాసనం ఉంది. పూర్వపు రాజులు, తుఫానుకు చెదిరి తమ తీరానికి కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా లాక్కునేవారు. గణపతిదేవుడు ఆ ఆచారాన్ని రద్దు చేశాడు. ప్రాణాలకు తెగించి వచ్చే వర్తకుల దగ్గర నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని మాటిచ్చాడు. ఎగుమతి దిగుమతులపై ముప్పైలో ఒక వంతు. గంధం, కర్పూరం, పన్నీరు, దంతం, ముత్యాలు, పగడాలు, పట్టు, మిరియాలు, పోకలు, రాగి ఇలా ఒక్కో సరుకుకూ లెక్క చెప్పే పట్టిక ఆ శాసనంలో ఉంది. రేవు సదుపాయాలంటే మనం క్రేన్లు, గిడ్డంగులు అనుకుంటాం. అన్నిటికంటే ముందు కావలసిన సదుపాయం ఈ నమ్మకమేనని ఎనిమిది వందల ఏళ్ల క్రితమే ఒక తెలుగు ప్రభువు గుర్తించాడు. వెనిస్ యాత్రికుడు మార్కో పోలో ఈ రేవు పేరుతోనే మొత్తం రాజ్యాన్ని ముత్ఫిలి అని పిలిచి, ఇక్కడి వజ్రాల గురించీ సాలెగూడంత సన్నని బట్టల గురించీ రాశాడు. కాకతీయులు పోయాక రెడ్డిరాజులు వచ్చారు. అనపోతారెడ్డి కాలంలో 1358లో అదే మోటుపల్లిలో వర్తకులకు మళ్లీ అభయమిచ్చారు.

ఇక్కడ శ్రీనాథుణ్ని తలచుకోకుండా ముందుకు పోలేను. పల్నాటి వీరచరిత్ర ఆయన పేరు మీదే ప్రసిద్ధం. మాచర్ల చెన్నకేశవుణ్నీ, బ్రహ్మనాయుణ్నీ తెలుగువారి నోళ్లలో నిలిపిన కావ్యం అది. ఆయనే హరవిలాసాన్ని అవచి తిప్పయ్య సెట్టికి అంకితమిచ్చాడు. తిప్పయ్య సెట్టి కొండవీటి కుమారగిరిరెడ్డికి వసంతోత్సవ సుగంధాలు సమకూర్చిన వర్తకుడు. సింహళం నుంచి ఏనుగులు, హురుముంజి నుంచి గుర్రాలు, చీనా నుంచి పట్టుబట్టలు తెప్పించిన వంశం. పల్నాటి పౌరుషం, సముద్ర వ్యాపారం రెండూ ఒకే కవి సంగతులయ్యాయంటే, ఆ రోజుల్లో ఈ నేలకూ తీరానికీ ఎంత దగ్గరితనమో అర్థమవుతుంది.

పదిహేడో శతాబ్దం నాటికి పేరంతా బందరుది. పక్కనే నిజాంపట్నానికి, అప్పటి పేటపోలికి, డచ్చివాళ్లు 1606లో వచ్చారు. 1611లో ఇంగ్లీషువాళ్ల గ్లోబ్ ఓడ ఇదే తీరానికి వచ్చి, బందరులో వాళ్ల వర్తకస్థావరం మొదలైంది. బందరు అద్దకానికి కావలసిన ఎర్రరంగు చిరివేరు నుంచి వచ్చేది. పేటపోలి ప్రాంతపు చిరివేరుకు ఎక్కడలేని గిరాకీ. పల్నాడు నుంచి వెళ్లింది మాత్రం అంతకంటే మెరిసే సరుకు. కృష్ణ ఒడ్డున బెల్లంకొండ ప్రాంతంలోని కొల్లూరు వజ్రపు గనులు ఆ కాలంలో బయటి ప్రపంచమంతా చెప్పుకున్న గనులు. బందరు ఇంగ్లీషు స్థావరానికి అధిపతిగా ఉన్న విలియం మెథ్వోల్డ్ 1620ల మొదట్లో అక్కడికి వెళ్లి, ముప్పై వేలమంది పని చేస్తున్నారని రాశాడు. తరవాత వచ్చిన ఫ్రెంచి రత్నాల వ్యాపారి టవెర్నియె అరవై వేలన్నాడు. ఆడవాళ్లు, పిల్లలు మట్టి మోసేవారని కూడా చెప్పాడు. ఆ గనుల చోటు ఇప్పుడు పులిచింతల జలాశయం కింద ఉంది. విజయపురి సాగర్ కింద, కొల్లూరు పులిచింతల కింద. ప్రపంచానికి పల్నాడు పేరు మోసిన రెండు చోట్లూ నీళ్ల అడుగునే ఉండడం నాకెప్పుడూ బాధగానే ఉంటుంది.

బందరుకు మంచి ఓడరేవు లక్షణాలు నిజానికి లేవు. తీరం లోతు తక్కువ. పెద్ద ఓడలు మైళ్ల దూరాన లంగరు వేసేవి. సరుకంతా పడవల మీద ఒడ్డుకు చేరాలి. అయినా మక్కా యాత్రికుల ఓడలూ, పెగూ, అచే, బందర్ అబ్బాస్ ఓడలూ అక్కడికే వచ్చాయి. కారణం గోల్కొండ దారి. రాజధాని నుంచి రేవు దాకా బళ్లబాట, దారి పొడవునా సుంకాల ఠాణాలు, బస చేసే సరాయిలు ఉండేవి. ఇప్పటి 65వ నంబరు జాతీయ రహదారి హైదరాబాదు నుంచి విజయవాడ మీదుగా బందరులో ముగుస్తుంది. ఇంచుమించు ఆ పాత జాడే. తీరం నుంచి లోపలికి ఉప్పు, లోపలి నుంచి తీరానికి ధాన్యం మోసినవారిలో లంబాడీలు ముఖ్యులు. వందలాది పెరికె ఎద్దుల మీద గోనెలు వేసుకుని, ఎండాకాలమంతా నడిచేవారు. పల్నాటి తండాల్లో ఇవాళ కనిపించే మనుషుల పూర్వీకులు ఈ రేవుల రవాణా వ్యవస్థకు కాళ్లూ భుజాలూ. చరిత్ర పుస్తకాల్లో కంపెనీ అధికారుల పేర్లున్నాయి గానీ, వాళ్ల పేర్లు లేవు.

1687లో గోల్కొండ పడిపోయింది. దారికి అటు చివర రాజధాని చితికాక, ఇటు చివర రేవు నీరసించింది. 1864 నవంబరు 1 రాత్రి వచ్చిన తుఫాను ఉప్పెనలో బందరు ప్రాంతంలో దాదాపు ముప్పై వేలమంది పోయారు. ఆ దెబ్బ నుంచి ఊరు పూర్తిగా తేరుకోలేదు. అయితే రేవును అసలు దెబ్బతీసింది ఆ ఒక్క రాత్రే అనుకోవడం పొరపాటు. 1855 నాటికి బెజవాడ ఆనకట్ట పూర్తయి కాలువల మీద పడవలు నడిచాయి. డెల్టా సరుకుకు అది మేలే. కానీ 1899లో బెజవాడ నుంచి మద్రాసుకు నేరుగా రైలు పడింది. బందరుకు రైలు 1908లో గానీ రాలేదు. ఆ తొమ్మిదేళ్లలో సరుకు మద్రాసు దారి పట్టింది. ఒకసారి దారి మార్చిన వర్తకుణ్ని వెనక్కి తేవడం ఎంత కష్టమో వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు.

రేవు బతుకు దారిలో ఉంటుందన్న మాట మనకొక్కరికే వర్తించేది కాదు. మధ్య ఆఫ్రికాలో కాంగో నది చూడండి. అంత మహానదికీ కిన్షాసా దిగువన జలపాతాలు అడ్డం. వాటికి దిగువన, సముద్రానికి దాదాపు 150 కిలోమీటర్ల లోపల మటాడి రేవు ఉంది. 1898లో మటాడి నుంచి కిన్షాసాకు 366 కిలోమీటర్ల రైలు పూర్తయ్యాకే ఆ రేవుకు అర్థం వచ్చింది. నదికి అవతలి ఒడ్డు ఫ్రెంచివాళ్లది. వాళ్లు 1921 నుంచి 1934 దాకా కాంగో-ఓషన్ రైలు వేసి పాంట్ నోయిర్‌ను రేవుగా చేసుకున్నారు. నిర్బంధంగా తోలుకొచ్చిన కూలీలు ఆ పనిలో వేల సంఖ్యలో చనిపోయారు. కామెరూన్‌లోని దువాలా రేవుది బందరు లాంటి కష్టమే. నదీముఖంలో ఒండ్రు చేరుతూ ఉంటే, తవ్వుతూనే ఉండాలి. సముద్రం లేని చాద్, మధ్య ఆఫ్రికా రిపబ్లిక్ దేశాల సరుకు చాలావరకు ఆ రేవు మీదే ఆధారపడింది. అందుకే లోతైన నీళ్లున్న క్రిబి దగ్గర కొత్త రేవు కట్టి 2018లో నడిపించారు. రేవు కట్టినంత మాత్రాన సరిపోదని, లోపలి గనుల దాకా రైలు కావాలని అక్కడివాళ్లు అప్పటి నుంచీ అడుగుతున్నారు.

బందరులోనూ 2023 మేలో కొత్త రేవు పనులు మొదలయ్యాయి. అలల తాకిడిని ఆపే రాతిగోడలు, ఓడలు వచ్చేందుకు లోతైన కాలువ, మొదటి దశలో నాలుగు బెర్తులు. పాత బందరుకు లేని సదుపాయాలన్నీ ఈ ప్రణాళికలో ఉన్నాయి. ఇక మిగిలింది నేల వైపు సంగతి.

మాచర్ల వైపు చూస్తే సరుకుకు కొదవ లేదు. సున్నపురాయి మీద నిలిచిన సిమెంటు ఫ్యాక్టరీలు, పిడుగురాళ్ల సున్నం, నాపరాళ్లు, గుంటూరు యార్డుకు పోయే మిర్చి, పత్తి. బ్రిటిష్ హయాంలో వేసిన మీటరుగేజి రోజుల్లో, గుంటూరు చేరిన సరుకు అదే గేజి మీద నంద్యాల, గుంతకల్లు మీదుగా గోవాలోని మార్ముగావ్ రేవు దాకా పోగలిగేది. తరవాత బ్రాడ్‌గేజి వచ్చింది. నడికుడి నుంచి బీబీనగర్ లైను పడ్డాక హైదరాబాదు దారి తెరుచుకుంది. మాచర్ల మాత్రం కొస స్టేషన్‌గానే మిగిలింది. నడికుడి–శ్రీకాళహస్తి లైను మొత్తం 309 కిలోమీటర్లు. అది పూర్తయితే పల్నాటి సిమెంటుకు కృష్ణపట్నం వైపు కొత్త దారి దొరుకుతుంది. పనులు ముక్కలు ముక్కలుగా సాగుతున్నాయి.

మాచర్ల నుంచి కృష్ణ దాటి నల్గొండకు లైను వేస్తామన్న మాట దశాబ్దాలుగా కాగితాల మీద ఉంది. ఆ లైను పడితే, తెలంగాణ దక్షిణ మండలాల సరుకు మాచర్ల మీదుగా గుంటూరుకు, అక్కడి నుంచి బందరుకు పోగలదు. కొత్త రేవులో బెర్తులు ఎన్ని కడుతున్నారన్న లెక్క ప్రతి ప్రభుత్వమూ చెబుతుంది. వాటికి సరుకు తెచ్చే పట్టాలు ఏ ఏడాదికి మాచర్ల దాటుతాయో పల్నాడు అడగాలి, గట్టిగా అడగాలి.