ఇంటరాక్టివ్ కళలో భౌతిక సిమ్యులేషన్

గురుత్వాకర్షణ, నీటి ప్రవాహం, పక్షిగుంపు కదలిక వంటివాటిని కంప్యూటర్ లెక్కలతో అప్పటికప్పుడు పుట్టించి, సందర్శకుల కదలికకు స్పందించేలా తెర మీదో, గోడ మీదో, నేల మీదో చూపే కళారీతి ఇది. ముందే తీసిపెట్టిన యానిమేషన్‌లో ప్రతి క్షణమూ ఖరారై ఉంటుంది. ఇక్కడ మరుక్షణం ఏం జరుగుతుందో తయారు చేసినవారికి కూడా తెలియదు.

ఈ కళకు రెండు పాయలున్నాయి. ఒకటి అమెరికా కళాకారుడు మైరన్ క్రూగర్‌ది. 1970లలో ఆయన రూపొందించిన ‘వీడియోప్లేస్’లో, కెమెరాకు చిక్కిన మనిషి ఛాయ తెర మీది బొమ్మలతో ఆడేది. లెక్కలు తక్కువే అయినా, ఒళ్లు కదిపి కంప్యూటర్‌ను నడపవచ్చని చూపింది. రెండోది కంప్యూటర్ గ్రాఫిక్స్ పరిశోధనది. 1983లో విలియం రీవ్స్ అసంఖ్యాక చిన్న కణాలతో దృశ్యాన్ని కట్టే ‘కణ వ్యవస్థల’ను వివరించారు. 1987లో క్రెయిగ్ రేనాల్డ్స్ ‘బాయిడ్స్’ అనే పక్షిగుంపు నమూనాను ప్రకటించారు: పక్కదాన్ని ఢీకొనకుండా తప్పుకో, దాని వేగాన్ని, దిశను అందుకో, గుంపు నడిమికి జరుగు. ఈ మూడు నియమాలతోనే పక్షిగుంపు తయారవుతుంది.

ఈ పాయలు కలిసిన తొలి మేటి కృతుల్లో ‘ఎ-వోల్వ్’ (1994) ఒకటి. క్రిస్టా సోమెరర్, లోరాన్ మిన్యోనో దీన్ని రూపొందించారు. సందర్శకులు టచ్‌స్క్రీన్‌పై గీసిన ఆకారం నీటితొట్టిలో జీవిగా ఈదేది. ఎలా ఈదుతుందన్నది ఆ ఆకారాన్ని బట్టే ఉండేది.

1999లో కమిల్ అట్టర్‌బాక్, రోమీ అకిటువ్ చేసిన ‘టెక్స్ట్ రెయిన్’ దగ్గర కాస్త ఆగాలి. తెర మీద మన ప్రతిబింబం కనిపిస్తుంది, పైనుంచి ఒక కవితలోని అక్షరాలు వానలా రాలుతుంటాయి. చెయ్యి చాపితే దాని మీద నిలుస్తాయి, తీస్తే మళ్లీ జారిపోతాయి. చేతులు బారజాపితే ఒక్కోసారి కవితలోని ఓ మాట మొత్తంగా దొరుకుతుంది. లోపలి సూత్రం చాలా చిన్నది: ప్రతిబింబంలో నిర్ణీత స్థాయికన్నా ముదురుగా ఉన్న చోట అక్షరం ఆగుతుంది, అంతే. ఈ రంగంలో ఖచ్చితత్వంకన్నా తక్షణ స్పందనే ముఖ్యమని ఇంత స్పష్టంగా చూపిన కృతి మరొకటి లేదు.

ద్రవాల విషయంలో ఆ తక్షణత్వం సులువుగా రాలేదు. కాలాన్ని పెద్ద అంగలుగా తీసుకుంటే పాత పద్ధతుల్లో లెక్క అదుపు తప్పి, అంకెలు పేలిపోయేవి. అదే 1999లో గ్రాఫిక్స్ పరిశోధకుడు యోస్ స్టామ్ ‘స్టేబుల్ ఫ్లూయిడ్స్’ పత్రంలో ఎంత అంగ వేసినా చెదరని పద్ధతి చెప్పారు. సుడులు త్వరగా సద్దుమణగడం దాని లోపం. ఇంజనీరుకు ఆ పద్ధతి సరిపోదు గానీ, కళాకారుడికి అదొక వరం. కళాకారుడు మెమో అక్టెన్ రాసిన ద్రవాల లైబ్రరీకి ఆ పద్ధతే ఆధారం.

2001లో కేసీ రీస్, బెన్ ఫ్రై మొదలుపెట్టిన ‘ప్రాసెసింగ్’, తర్వాత ‘ఓపెన్‌ఫ్రేమ్‌వర్క్స్’ కళాకారుల చేతికి ఉచిత ప్రోగ్రామింగ్ పనిముట్లు ఇచ్చాయి. 2010లో వచ్చిన కినెక్ట్ కెమెరా, మనుషుల కదలికను పట్టేందుకు లోతును కొలిచే పరికరాన్ని చవక చేసింది.

జపాన్‌కు చెందిన కళాబృందం టీమ్‌ల్యాబ్ 2018లో టోక్యోలో తెరిచిన ‘బోర్డర్‌లెస్’ మ్యూజియం తొలి ప్రాంగణంలో, అది 2022లో మూతపడే వరకు, ఒక జలపాతం ఉండేది. నీటిని అసంఖ్యాక కణాలుగా లెక్కగట్టి, వాటి దారులను గీతలుగా చూపేవారు. మనిషి అడ్డు నిలిస్తే ధార చీలిపోయేది.

సొంతంగా ప్రయత్నించదలచినవారు డేనియల్ షిఫ్‌మన్ పుస్తకం ‘ది నేచర్ ఆఫ్ కోడ్’ (2012)తో మొదలుపెట్టవచ్చు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, మామూలు ల్యాప్‌టాప్ చాలు.