కృష్ణకు రెండు ఒడ్డుల చెంచులు

ఆలంపురం ప్రాంతంలో తుంగభద్రను కలుపుకొన్న కృష్ణానది కొంతదూరం పోగానే నల్లమల కొండల నడుమ లోతైన గండిలోకి దిగుతుంది. ఆ గండికి దక్షిణపు గట్టున శ్రీశైలం ఉన్నది. ఉత్తరపు గట్టుమీద అమ్రాబాద్ పీఠభూమి ఉన్నది. ఈ రెండు వైపులా అడవిలో నివసించే ప్రజలు చెంచులు. భాష ఒకటే, ఇంటిపేర్లు ఒకటే, కొలిచే దేవతలు చాలావరకు ఒకరే. కాని 1948 వరకు ఈ నది రెండు రాజ్యాలకు సరిహద్దు. ఉత్తరాన నిజాం రాజ్యపు మహబూబ్‌నగర్ జిల్లా, దక్షిణాన ఇంగ్లీషువారి మద్రాసు రాజధానిలోని కర్నూలు జిల్లా. ఒకే జాతిని రెండు ప్రభుత్వాలు రెండు రకాలుగా చూశాయి. చూసిన తీరునుబట్టే వారి గతి కూడ మారుతూ వచ్చింది. ఆ చరిత్ర తెలియాలంటే ముందుగా చెంచుల బ్రతుకుతెరువు ఎట్టిదో కొంత తెలుసుకోవాలి.

అమ్రాబాద్ వైపు చెంచులు తమ ఊరిని ‘పెంట’ అంటారు. అప్పాపూర్ పెంట, ఈర్లపెంట అనే పేర్లు అట్లా వచ్చినవే. మైదానాలలో ఉన్న మనకు పెంట అనగానే చెత్తకుప్ప గుర్తుకు వస్తుంది గాని, అక్కడ ఆ మాటకు జనావాసమనే అర్థం. కృష్ణకు దక్షిణాన ‘గూడెం’ అనే మాట ఎక్కువ వాడుకలో ఉన్నది. పూర్వం పెంటలో నాలుగైదు కుటుంబాలు మొదలు పది పన్నెండు కుటుంబాల వరకు మాత్రమే ఉండేవి. గుండ్రని తడిక గోడ, దానిపైన గోపురంలాగా కూచిగా కట్టిన గడ్డి కప్పు, వంగి దూరవలసిన వాకిలి: ఇదీ పాతకాలపు చెంచు గుడిసె. వానకాలమంతా ఇక్కడే. ఎండలు ముదిరి వాగులు ఎండిపోయినప్పుడు నీరున్న చోట ఆకులతో పందిరి వేసుకొని అక్కడికి తరలిపోయేవారు.

పెంట ఇంత చిన్నదిగా ఎందుకు ఉంటుందో అని మనకు తోచవచ్చును. దానికి జవాబు వారి ఆహారంలో ఉన్నది. దున్ని పండించేవారు ఒక ఎకరం నేలలో ఎంతో పంట తీయగలరు. అడవిలో దొరికినది ఏరుకొని తినేవారికి ఒక్కొక్క కుటుంబానికి ఎంతో విశాలమైన అడవి కావాలి. ఒకేచోట ఎక్కువమంది చేరితే చుట్టుపట్ల దుంపలు కొద్దిరోజులలోనే అయిపోతాయి. కాబట్టి జనం చెదరి ఉండవలసి వచ్చింది. ప్రతి పెంటవారికీ తమదైన అడవిభాగం ఉండేది. వాగులు, గుట్టలు దానికి ఎల్లలు. అయితే ఆ హక్కు గట్టిగా బిగించిన హక్కు కాదు. భార్య పుట్టిన పెంటకు పోయి అక్కడివారితో కలిసి బ్రతికే వీలు పురుషునికి ఉండేది. ఒకచోట ఆహారం తగ్గినప్పుడు బంధుత్వమే దారి చూపేది.

చెంచుల ప్రధాన ఆహారం వేటమాంసం అని చాలామంది అనుకొంటారు. విల్లంబులు పట్టుకొన్న చెంచు బొమ్మను పుస్తకాలలో చూసి ఏర్పడిన అభిప్రాయమిది. నిజానికి వారి కడుపు నింపినది విల్లు కాదు, మొనకు ఇనుము తొడిగిన తవ్వుడుకర్ర. డయాస్కోరియా అనే ప్రజాతికి చెందిన అడవితీగల దుంపలను దానితో తవ్వి తీస్తారు. మన పెండలం కూడ ఈ ప్రజాతిలోనిదే. ఈ తీగలు వానకాలంలో పచ్చగా అల్లుకొని, ఆకులలో తయారైన పిండిపదార్థాన్ని భూమిలోని దుంపకు పంపుతాయి. వానలు వెనుకబట్టిన తరువాత తీగ ఎండి రాలిపోతుంది. దుంప బాగా ఊరి ఉండేది అప్పుడే, కాని దాని జాడ తెలిపే ఆకు మాత్రం అప్పుడు ఉండదు. పుల్లలాంటి ఎండుతీగ ముక్కను చూసి, అది ఏ జాతిదో, దాని క్రింద ఎంత లోతున దుంప ఉన్నదో చెప్పగలగడం సామాన్యమైన విద్య కాదు. చెంచు స్త్రీలు, పిల్లలు ఈ విద్యలో ఆరితేరినవారు. అడవిదుంపలలో కొన్ని చేదు జాతులున్నవి. వాటిలోని విషపదార్థం పోవాలంటే ముక్కలు కోసి, ఉడకబెట్టి, నీటిలో కడగాలి. ఏది నేరుగా కాల్చుకొని తినవచ్చునో, ఏది కడగనిదే తినరాదో తెలియకపోతే ప్రాణానికే ముప్పు.

దుంపల తరువాత పండ్లు. మొర్రి, తునికి, నేరేడు, మేడి, రేగు ఒకదాని వెనుక ఒకటి వస్తాయి. వేసవి ఆరంభంలో ఇప్పపూలు రాలుతాయి. వాటిని ఎండబెట్టి తింటారు, సారా కూడ దించుతారు. చింతపండును చింతబెరడు బూడిదతో కలిపి తినే అలవాటు చెంచులలో ఉండేది. విన్నవారు ముఖం చిట్లిస్తారు గాని, రసాయనశాస్త్రం చదివినవారు చిట్లించనక్కరలేదు. చింతపండు పులుపు టార్టారిక్ ఆమ్లం వలన వచ్చేది. కట్టెబూడిదలో పొటాసియం, కాల్షియం కార్బనేట్లు ఉంటాయి. ఇవి క్షారగుణం కలవి. రెండూ కలిసినప్పుడు ఆమ్లంలో కొంతభాగం తటస్థమై పులుపు విరుగుతుంది. పళ్లు పులవకుండా ఎక్కువ చింతపండు తినగలగడానికి ఇది మంచి ఉపాయం. ఉపాధ్యాయులు ఆమ్లక్షారాల పాఠం చెప్పేటప్పుడు చింతపండు రసంలో చిటికెడు బూడిద వేసి, పొంగే బుడగలను చూపవచ్చును.

తేనె తీయడం పురుషుల పని. నల్లమలలో నిట్రమైన కొండచరియల అంచులకు పెద్ద తేనెటీగలు పట్టు పెడతాయి. పెట్టెలలో పెంచే తేనెటీగ చీకటి తొర్రలో అనేక అరలు కడుతుంది. ఈ పెద్ద ఈగ మాత్రం బయట గాలిలో ఒకే ఒక పెద్ద పట్టును వ్రేలాడదీస్తుంది. పట్టు పైభాగాన, ఒకప్రక్కగా, తేనె ఉంటుంది. క్రిందిభాగంలో పిల్లపురుగులు ఉంటాయి. ఇవి మిక్కిలి కోపిష్ఠి ఈగలు. చెంచు తేనెగాడు తీగలతోనో నారతోనో పేనిన పొడవైన తాడును కొండకొమ్మున చెట్టుకు కట్టి, దానిని పట్టుకొని అగాధం మీదుగా దిగుతాడు. పచ్చి ఆకులను రాజబెట్టి పొగపెట్టి, ఈగలు తొలగిన పిమ్మట పట్టును కోస్తాడు. అంతసేపూ పైన తాడు దగ్గర ఒకరు కావలి ఉండాలి. ఆ కావలి సొంత తమ్ముడు కాకూడదనీ, బావమరిదే కావాలనీ వారి ఆచారం. తమ్మునికి వదినెను పెండ్లాడే వీలున్నది. తాడు తెగితే ఆమె తనకు దక్కవచ్చును. బావమరిదికి అటువంటి ఆశ ఉండదు, పైగా తాడు తెగితే తన చెల్లెలే విధవ అవుతుంది. ఈ ఆచారాన్ని చెప్పి నవ్వేవారున్నారు. నాకు మాత్రం ఇందులో నవ్వదగినది ఏమీ కనబడదు. ప్రాణం ఎవరి చేతిలో పెట్టవచ్చునో ముందే ఆలోచించుకొన్న సంఘం అది.

ఒక ఇంటిపేరువారు అదే ఇంటిపేరువారిని పెండ్లి చేసుకోరు. తోకల, ఉడతల, నిమ్మల, కాట్రాజు మొదలైన ఇంటిపేర్లు వారిలో ఉన్నవి. విడిపోవడం, మళ్ళీ పెండ్లాడడం స్త్రీపురుషులిద్దరికీ తప్పు కాదు.

దేవతలలో గారెలమైసమ్మ అడవికి, వేటకు అధిదేవత. వేటలో మృగం చిక్కినా, దుంపలు బాగా దొరికినా కొంత ఆమెకు అర్పించి తింటారు. ఇక శ్రీశైల మల్లన్న వారి ఇంటి అల్లుడు. చెంచు పడుచును పెండ్లాడినాడని కథ. అహోబిలంలో నరసింహస్వామి చెంచులక్ష్మిని పెండ్లాడిన కథ తెలుగువారందరికీ తెలిసినదే. 1943లోను, 1958లోను అది చలనచిత్రంగా కూడ వచ్చింది. దేవుళ్ళను అల్లుళ్ళుగా చేసుకొన్న జనాన్ని మిగతా సంఘానికి ఏ సంబంధమూ లేని జాతిగా ఎంచడం ఎట్లా కుదురుతుంది?

ఈ ప్రశ్న ఊరక వేసినది కాదు. చెంచులను ‘రాతియుగపు మానవులు’ అని వర్ణించే అలవాటు ఇప్పటికీ పోలేదు. వారి తవ్వుడుకర్రకు ఇనుపమొన ఉన్నది, గొడ్డలి ఉన్నది, బాణానికి ఇనుప ములికి ఉన్నది. ఇనుము చెంచులు కరగించినది కాదు. తేనె, మైనం, తపసి బంక, కరక్కాయలు, కుంకుళ్ళు ఇచ్చి మైదానంవారి దగ్గర తెచ్చుకొన్నది. వారు మాట్లాడేది తెలుగు. బజారుతో, గుడితో, ఊరితో తరతరాలుగా ఇచ్చిపుచ్చుకోవడం ఉన్నది.

ఇప్పుడు నదికి దక్షిణపు ఒడ్డు సంగతి. 1839లో కర్నూలు నవాబు అధికారం పోయి కంపెనీ పాలన వచ్చింది. శ్రీశైలం యాత్రికులు నల్లమల కనుమలగుండా నడిచి పోవాలి. ఆ దారులలో తోడు వచ్చేందుకు, భద్రంగా చేర్చేందుకు చెంచులు యాత్రికులవద్ద కొద్దిపాటి రుసుము తీసుకొనేవారు. కంపెనీ అధికారులు మొదట వారినే కనుమలకు కావలివారుగా నియమించారు. కెప్టెన్ న్యూబోల్డ్ అనే సైనికోద్యోగి 1840 ప్రాంతాలలో వారిని చూసి ఒక వ్యాసం వ్రాశాడు. తరువాత 1882లో మద్రాసు అటవీచట్టం వచ్చింది. నల్లమల ప్రభుత్వపు రిజర్వు అడవి అయింది. నిన్నటివరకు తమదైన అడవిలో వెదురు కోసినా, నిప్పుపెట్టి కొద్దిగా పోడు చేసినా తప్పయింది. బ్రతుకు ఇరుకైనకొద్దీ దారిదోపిడీలు, ఆ వెంట పోలీసులు వచ్చారు. చివరకు కర్నూలు చెంచులను నేరస్థజాతుల చట్టం క్రిందికి చేర్చారు. ఒక మనిషి చేసిన నేరానికి కాక, పుట్టిన పుట్టుకకే శిక్ష వేసే చట్టమది. కావలివాడు నేరస్థుడు కావడానికి నూరేళ్ళు కూడ పట్టలేదు. ఆ చట్టాన్ని దేశమంతటా 1952లో రద్దుచేశారు.

ఉత్తరపు ఒడ్డున కథ వేరు. క్రిస్టోఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ వియన్నాలో 1909లో పుట్టిన మానవశాస్త్రజ్ఞుడు. 1939లో ప్రపంచయుద్ధం మొదలైనప్పుడు ఆయన భారతదేశంలో ఉన్నాడు. ఆస్ట్రియాను అంతకు ముందే జర్మనీ కలుపుకొన్నందున ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. ఇంగ్లీషువారికి శత్రుదేశీయుడయ్యాడు. నిజాం రాజ్యం దాటి పోరాదనే నిబంధనతో ఆయనను ఉండనిచ్చారు. ఆ నిర్బంధమే మన చరిత్రకు మేలు చేసింది. 1940లో ఆయన, భార్య బెట్టీ అమ్రాబాద్ అడవిలో డేరాలు వేసుకొని చెంచులతో కలిసి తిరిగారు. 1943లో వెలువడిన ఆయన గ్రంథం నేటికీ చెంచుల గురించిన మూలగ్రంథాలలో ఒకటి. తవ్వుడుకర్ర ప్రాధాన్యాన్ని పెంట పెంటా తిరిగి చూసి వివరించినది ఆయనే. ఆయన సలహాలను అనుసరించి నిజాం ప్రభుత్వం ఎగువ పీఠభూమిలో కొంత అడవిని చెంచుల కొరకు ప్రత్యేకించింది. తరువాతి దశాబ్దాలలో మళ్ళీ వచ్చి, మారిన పరిస్థితిని చూసి, గిరిజనుల మనుగడ పోరాటంపై 1982లో మరొక గ్రంథం ప్రచురించాడు.

చెంచులు వ్యవసాయానికి పూర్వపు దశకు చెందిన అతిప్రాచీన జనశేషమని హైమెన్‌డార్ఫ్ భావించాడు. ఈ భావనలో కొంత సత్యం ఉన్నది, కొంత పొరపాటుకు తావూ ఉన్నది. 2003లో కివిసిల్డ్, ఆయన సహచరులు చెంచుల, కోయల డి.ఎన్.ఎ.ను దేశంలోని ఇతర కులాలవారి డి.ఎన్.ఎ.తో పోల్చి చూశారు. తల్లినుంచి బిడ్డకు సంక్రమించే మైటోకాండ్రియా డి.ఎన్.ఎ. తరతరాల మాతృవంశాన్ని తెలుపుతుంది. ఈ దేశానికి తొలుత వచ్చిన మానవుల వారసత్వం గిరిజనులలోనే కాక కులాలవారిలో కూడ నిలిచి ఉన్నదని వారు తేల్చారు. అంటే చెంచులు ఎంత ప్రాచీనులో మిగతా తెలుగువారూ ఇంచుమించు అంత ప్రాచీనులే. తేడా రక్తంలో కంటె జీవనవిధానంలోనే ఎక్కువగా ఉన్నది.

1956లో రెండు ఒడ్డులూ ఒకే ఆంధ్రప్రదేశ్‌లో చేరాయి. అటవీ ఫలసాయాన్ని కొనేందుకు గిరిజన సహకార సంస్థ ఏర్పడినది కూడ ఆ సంవత్సరమే. 1970లలో కేంద్రప్రభుత్వం చెంచులను ‘ఆదిమ గిరిజన తెగ’ల జాబితాలో చేర్చింది. సాగుకు ముందటి పనిముట్లు, తక్కువ అక్షరాస్యత, పెరగని జనాభా ఆ జాబితాకు కొలతలు. 2006లో ‘ఆదిమ’ అనే మాట తీసివేసి ‘దుర్బల’ అనే అర్థం వచ్చే మాట పెట్టారు. జనాభా మాత్రం పెరిగింది: 2001 లెక్కలలో 49,232, 2011లో 64,227. వీరిలో అడవి లోపలి పెంటలలో ఉండేవారు కొద్దిమందే.

1983లో ఈ అడవి పులుల సంరక్షణ పథకంలోకి వచ్చింది. నాగార్జునసాగర్ శ్రీశైలం అభయారణ్య విస్తీర్ణం అప్పట్లో 3,568 చ. కి. మీ. ఉండేది. 2014లో రాష్ట్రం విడిపోవడంతో కృష్ణ ఇక్కడ తిరిగి సరిహద్దు అయింది. ఉత్తరభాగం తెలంగాణలో అమ్రాబాద్ పులుల అభయారణ్యంగా వేరుపడింది. పులికి మనిషి అలికిడి లేని అడవి కావాలనేది ఒక వాదం. చెంచులు ఉన్నంతకాలమూ పులి ఉన్నదిగదా అనేది రెండవ వాదం. నాకు రెండవదానిలో బలం ఎక్కువగా తోస్తుంది. 2006 నాటి అటవీహక్కుల చట్టం ఇటువంటి తెగలకు తమ ఆవాసప్రాంతంపై సామూహిక హక్కును గుర్తించింది. గ్రామసభ సమ్మతి లేనిదే వారిని కదిలించరాదని చెప్పింది. అమ్రాబాద్‌లో యురేనియం అన్వేషణ ప్రతిపాదన వచ్చినప్పుడు చెంచులు, పర్యావరణవాదులు ఎదిరించగా, 2019 సెప్టెంబరులో తెలంగాణ శాసనసభ దానికి వ్యతిరేకంగా తీర్మానం చేసింది.

అడవిశాఖవారు నల్లమల లోపల శిబిరాలు పెట్టి, పులుల జాడ తీయడానికి, దొంగవేటగాండ్రను పసికట్టడానికి కావలివారిని నియమించారు. అడుగుజాడ చూసి ఏ జంతువు ఎప్పుడు ఎటు పోయిందో చెప్పగలవారు కావాలి గనుక, ఆ కావలివారిలో చాలామంది చెంచులే.