బైబిల్లో తగవుల పరిష్కారం

విశ్వాసుల మధ్య తగాదా వచ్చినప్పుడు క్రైస్తవ సంఘాలు ముందుగా తెరిచేది మత్తయి సువార్త 18వ అధ్యాయం, 15 నుంచి 17 వరకు ఉన్న వచనాలు. అన్యాయం జరిగిందనుకున్న వ్యక్తి మొదట అవతలి మనిషితో ఒంటరిగా మాట్లాడాలి. వినకపోతే ఒకరిద్దరిని వెంటబెట్టుకుని వెళ్లాలి. ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలన్న నియమం ద్వితీయోపదేశకాండం 19వ అధ్యాయంలోనే ఉంది. అప్పటికీ దారికి రాకపోతే సంఘానికి చెప్పాలి. సంఘం మాట కూడా తోసిపుచ్చితే బయటివాడిగా ఎంచాలి. ఊరంతా తెలిశాక ఆఖరున అసలు మనిషి చెవిన పడటం లోకరీతి. ఇక్కడ వరస తలకిందులు.

కొండమీద ప్రసంగం రెండో పక్షాన్నీ కదిలిస్తుంది. తన మీద సహోదరుడికి కోపం ఉందని బలిపీఠం దగ్గర గుర్తొస్తే, అర్పణ అక్కడే విడిచి వెళ్లి సమాధానపడి రావాలి.

ఆచరణ ఇంత సాఫీగా సాగలేదని బైబిలే దాచకుండా చెబుతుంది. యెరూషలేము శిష్యులు సౌలు (ఇతనే పౌలు) అంటే భయపడుతున్న రోజుల్లో అతన్ని అపొస్తలుల దగ్గరికి తీసుకెళ్లినవాడు బర్నబా. ఆ ఇద్దరే తర్వాత మార్కు అనే యోహాను విషయంలో విడిపోయారు. మొదటి సువార్త ప్రయాణంలో మార్కు పెర్గేలో వాళ్లను వదిలి ఇంటిదారి పట్టాడు. మళ్లీ తీసుకెళ్దామని బర్నబా, వద్దని పౌలు పట్టుబట్టారు. మార్కు బర్నబాకు దగ్గరి చుట్టమన్న సంగతి కొలొస్సయులకు రాసిన పత్రికలో గానీ బయటపడదు! బర్నబా మార్కుతో కుప్రకు ఓడెక్కాడు; పౌలు సీలను తీసుకుని సిరియ, కిలికియల వైపు వెళ్లాడు. తప్పెవరిదో అపొస్తలుల కార్యములు తేల్చదు, రాజీ సన్నివేశమూ లేదు. అయితే ఫిలేమోను పత్రికలో మార్కు పౌలు జతపనివారిలో ఒకడు. తిమోతికి రాసిన రెండో పత్రికలో, అతను పరిచర్యకు పనికొస్తాడు, వెంటబెట్టుకు రమ్మని కబురు.

అంతియొకయలో మాత్రం పౌలు పేతురును అందరి ముందే నిలదీశాడు. పేతురు అన్యజనులతో భోజనం మానుకున్నది బహిరంగంగానే కాబట్టి మందలింపూ బహిరంగమైందని వ్యాఖ్యాతలు చెబుతారు. కనుక మత్తయి 18 ప్రతి సందర్భానికీ ఒకే కొలత కాదు. గృహహింస, లైంగిక వేధింపుల బాధితులను ‘ముందు ఒంటరిగా మాట్లాడుకో’ అని పంపడానికి దాన్ని వాడటం వాక్యాన్ని వక్రీకరించడమే. నేరాన్ని శిక్షించే పని ప్రభుత్వానిదని రోమీయులకు రాసిన పత్రిక 13వ అధ్యాయమే చెబుతోంది.

బలిపీఠం దగ్గరి ఆజ్ఞ ఆరాధన క్రమాల్లోనూ స్థిరపడింది. ఆంగ్లికన్, మెథడిస్టు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంప్రదాయాల కలయికతో 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘం, 1950 నాటి తన ప్రభురాత్రి భోజన క్రమంలో, అర్పణకు ముందు విశ్వాసులు చేతులు కలిపి ఒకరికొకరు సమాధానం అందించుకునే ఘట్టాన్ని చేర్చింది. దోర్నకల్, మెదక్ డయాసిస్‌లు ఈ సంఘంలోనివే.