గైడు ఎవరు? పరిశోధన ఎవరిది?

యూనివర్సిటీ చరిత్ర అనగానే స్థాపించిన సంవత్సరం, వైస్ చాన్సలర్ల వరస, భవనాల ఫొటోలు ముందుకొస్తాయి. పుల్లలచెరువు మండలంలోని మాల, మాదిగ పల్లెల నించి పోయే పిల్లలు ఆ చరిత్రలో ఎక్కడా కనపడరు. వాళ్ల యూనివర్సిటీ సాంఘిక సంక్షేమ హాస్టల్లో మొదలవుతుంది. మేము చెప్పదల్చుకున్నది ఒకటే. సీటు ఇచ్చినంత మాత్రాన చదువు ఇచ్చినట్టు కాదు. హాస్టలు గది, ఫెలోషిప్పు, గైడు ఎవరి చేతిలో ఉన్నాయన్నదే యూనివర్సిటీ అసలు చరిత్ర.

హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీనే చూద్దాం. తెలంగాణ, ఆంధ్ర ఉద్యమాల తర్వాత వచ్చిన 1973 ఆరు సూత్రాల పథకంలో భాగంగా 1974లో అది ఏర్పడింది. ప్రాంతాల తగువు తీర్చడానికి పుట్టిన ఈ సంస్థలో కులం లెక్క మాత్రం తేలలేదు.

ఆ లెక్క అడిగే గొంతు కేంపస్ బయటే పుట్టింది. 1985 జులై 17న అప్పటి ప్రకాశం జిల్లాలోని కారంచేడులో మాదిగల్ని చంపారు. బతికినోళ్లు ఊరొదిలి చీరాల చేరారు. దళిత మహాసభ పుట్టింది. 1991లో చుండూరు. 1993లో హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో అంబేద్కర్ స్టూడెంట్స్ అసోసియేషన్ ఏర్పడింది. 1994 జులైలో ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా మోగి, దళితుల్లోనే ఎవరికెంత అందిందన్న ప్రశ్న వేసింది.

కేంపస్ జవాబేమిటి? 2002 జనవరిలో అదే యూనివర్సిటీ నించి పదిమంది దళిత విద్యార్థుల్ని బహిష్కరించారు. 2008లో ఫిజిక్స్ పరిశోధక విద్యార్థి సెంథిల్ కుమార్ మరణంతో గైడు కేటాయింపులో జాప్యం, ఫెలోషిప్పు ఆపెయ్యడం చర్చకొచ్చాయి. 2015 చివర్లో ఐదుగురు దళిత స్కాలర్లను హాస్టలు నించి వెళ్లగొడితే, వాళ్లు ఆరుబయట టెంటు వేసుకుని దానికి ‘వెలివాడ’ అని పేరు పెట్టారు. ఆ ఐదుగురిలో ఒకడైన రోహిత్ వేముల 2016 జనవరి 17న మనకు లేకుండా పోయాడు. ఊళ్లో వెలివాడ ఊరి చివర ఉంటుంది. ఇక్కడ అది యూనివర్సిటీ నడిమధ్యకొచ్చింది.

ఇక గైడు సంగతి. గైడు కావాలంటే ముందు అధ్యాపకుడు కావాలి గదా! రోస్టరు లెక్కలో ఎస్సీకి వచ్చేది ఏడో ఉద్యోగం, ఎస్టీకి పద్నాలుగోది. ఒక్కో శాఖను విడిగా లెక్కేస్తే, ఆరు ఉద్యోగాలే ఉన్న శాఖలో ఎస్సీ వంతు రానే రాదు. 2017లో అలహాబాద్ హైకోర్టు ఈ పద్ధతే సరైందంది. 2018 మార్చిలో యుజిసి దాన్ని అమలు చెయ్యమంది. దేశమంతా ఆందోళనలు జరిగాకే, 2019 చట్టంతో యూనివర్సిటీ మొత్తాన్నీ ఒకే లెక్కగా తీసుకోవడం మళ్లీ మొదలయింది. పైకి చిన్న లెక్కలాగే ఉంటుంది. తరాల తరబడి అధ్యాపకుల గదుల్లో ఎవరు కూర్చోవాలో తేల్చేది ఈ చిన్న లెక్కే.

అధ్యాపకుడి కుర్చీ జీతంతో ఆగదు. ఏది పరిశోధనో, ఏది కాదో చెప్పేది కూడా ఆ కుర్చీయే. మార్కాపురం పలకల మీద ఎన్ని వేలమంది పిల్లలు ఓనమాలు దిద్దారు! ఆ రాయిని తవ్వి, కోసి, దుమ్ము పీల్చినవాళ్లు థీసిస్ పట్టికల్లో అంకెలుగా మిగిలితే, అది ఎవరి పరిశోధన? పుల్లలచెరువు ఉన్న యర్రగొండపాలెం నియోజకవర్గం 2009 నించి ఎస్సీ రిజర్వుడు. ఓటేసి మనవాణ్ణి అసెంబ్లీకి పంపుతున్నాం సరే, పరిశోధనాంశం ఖాయంచేసే కమిటీలో మనవాళ్లెందరు?

కాబట్టి విద్యార్థులకూ, ఉపాధ్యాయులకూ, కార్యకర్తలకూ మా విన్నపం ఒకటుంది. మీ కాలేజీలో, యూనివర్సిటీలో గైడు కేటాయింపు జాబితాలు, మెస్ బకాయిల నోటీసులు, ఫెలోషిప్పు ఆలస్యంపై పెట్టుకున్న అర్జీలు పోగుచెయ్యండి. సమాచార హక్కు చట్టం 2005 నించి మన చేతిలో ఉంది. హాస్టళ్లలో చదివి వచ్చిన పెద్దల మాటలు రాసుకోండి. ఆ కాగితాలు చిత్తుబుట్ట పాలుకాక ముందే మన చరిత్రను మనం రాసుకోవాలి.