అద్దె గర్భము

ప్రతిఫలము గైకొని పరుల శిశువును గర్భమున మోసి, కని, అప్పగించు వ్యవహారము. సరోగసీ యని వాడుక.

దంపతులు చెల్లించు పైకమున ఆసుపత్రికిని దళారికిని పోగా మిగిలినదే మోసిన స్త్రీకి దక్కును. ఏలూరు చెంతనున్న కొల్లేటి సీమలో చెరువును లీజుకిచ్చిన రైతునకు చేపలు చచ్చినను కౌలు ముట్టవలసినదే. ఇచటనో, గర్భము నిలువకున్న పైకము తఱుగుటయు, ప్రాణభయమును తఱచు ఆమెపైననే పడును.

2022 జనవరి 25న అమలునకు వచ్చిన సరోగసీ నియంత్రణ చట్టము ఈ వ్యాపారమును నిషేధించి, 25–35 ఏండ్ల వయసుగల, వివాహమై స్వసంతానముగల స్త్రీ, వైద్యవ్యయమును 36 మాసముల బీమాను తప్ప వేఱొండు ప్రతిఫలము నొందక, జీవితమున ఒక్కమాఱు మాత్రమే మోయుట కనుమతించినది. వైద్యుని రుసుము ధర్మమై, ప్రసవవేదన పడినదాని కూలి దోషమగుట యెట్టి నీతియో చట్టము చెప్పదు. వాణిజ్య సరోగసీ నడపినవారికి పదేండ్ల వరకు కారాగారమును, పది లక్షల రూపాయల వరకు జరిమానాయును శిక్ష.