నిండు తైలపాత్ర: గర్భిణీ పరిచర్యలో అభ్యంగం

నిండు తైలపాత్రను తొణకనీయక మోసినట్లు గర్భిణిని కాపాడవలెనని చరకసంహిత శారీరస్థానంలోని అష్టమాధ్యాయం ఉపదేశించింది. నెలలు నిండినకొద్దీ ఆ పాత్ర భారాన్ని భరించేది నడుము. ఆ వేదనను ప్రాచీనులు ఉపేక్షింపలేదు.

మొదటి మాసం మొదలు నవమ మాసం వరకు ఉపదేశించిన విధుల వలన కుక్షి, కటి, పార్శ్వ, పృష్ఠ భాగాలు మృదువగునని, వాయువు అనులోమమగునని ఆ అధ్యాయమే చెప్పింది. ప్రసవవేదన మొదలైన పిదప నడుముకు, పక్కలకు, వీపుకు, తొడలకు గోరువెచ్చని తైలం రాసి, ఆమెకు సుఖమైనంత మేరకే మర్దించమన్నది. ఈ వరుసలో ఉదరం లేదు. మర్దనకు ప్రమాణం మర్దించే చేతి బలం కాదు, గర్భిణి సుఖమే.

ఇక్కడే ఒక వాదం కూడ ఉన్నది. ప్రసవం ఆలస్యమైనచో ఆమెచే రోకలి పట్టించి ధాన్యం దంపించవలెనని కొందరి మతం. భగవాన్ ఆత్రేయుడు దానిని నిరాకరించాడు. గర్భిణికి దారుణ వ్యాయామం సదా వర్జ్యమనీ, ఆ వేళ రోకటి శ్రమకు ప్రకోపించిన వాయువు ప్రాణాలకే ముప్పనీ ఆయన నిర్ణయం.

ఆపస్తంబ గృహ్యసూత్రం సుఖప్రసవానికి వేరొక విధి చెప్పింది. ప్రవాహం వెంబడి కొత్త మూకుడుతో తెచ్చిన నీటిని మంత్రపూర్వకంగా ఆమెపై ప్రోక్షించాలి. కర్నూలు సీమకు తుంగభద్ర, కడప సీమకు పెన్న ఉన్నవి గాని, మెట్ట పల్లెలలో నీరే దుర్లభం. నిండు నెలలలోనూ బిందె మోసిన నడుములకు ఆసరా పుట్టింటి నువ్వులనూనె, ఆముదం, మంత్రసాని చేయి.

మంత్రాలను మా వంటివారు వల్లె వేసి నిలుపుకొన్నాము. మంత్రసాని విద్యకు సూత్రగ్రంథం లేదు. అది చేతి నుండి చేతికే సంక్రమించింది. పురిటివేళ ఆమెను ఆశ్రయించి, పిదప మైల పేరిట గడప వెలుపల నిలిపిన ఇళ్లూ ఉన్నవి. తైలపాత్రను తొణకకుండ మోసిన చేతిని అట్లు నిలుపుట ధర్మం కాదు.

1957లో కర్నూలులో వైద్య కళాశాల నెలకొన్నది. నేడు ప్రసవాలు ఆసుపత్రులలోనే జరుగుట శ్రేయస్కరం. వస్తి మొదలగు విధులను ఇంట అనుకరింపరాదు. వైద్యుల అనుమతితో, గర్భిణిని పక్కకు పరుండబెట్టి, నడుముకు మృదువుగా నూనె రాయవచ్చును, పొట్టను ఒత్తరాదు. నొప్పి ఆగి ఆగి వచ్చినా, రక్తస్రావమో జ్వరమో తోడైనా, మర్దన మాని తక్షణమే ఆసుపత్రికి తీసుకొనిపోవలెను. ఆత్రేయుని నిర్ణయం కోరినది ఈ జాగరూకతనే.

శుభం భూయాత్.