ఊరి గోడ మీద బొమ్మ వేయించాలంటే: అనుమతి, దుడ్లు, రంగు

ప్రతి వార్డులోనూ ఒక గోడ ఉంటుంది. సినిమా పోస్టర్లు, ట్యూషన్ కాగితాలు, ఎలక్షన్ రాతలు, పాన్ మరకలు దానికి అలవాటైపోయి ఉంటాయి. ఇక్కడ మంచి బొమ్మ వేయిస్తే బాగుంటుందని నలుగురూ అనుకుంటారు. అనుకున్న తర్వాత ఎవరి దగ్గరికి వెళ్లాలి, దుడ్లు ఎక్కడినుంచి వస్తాయి, గోడను ఎట్లా సిద్ధం చేయాలి అన్నది గుడిబండె, బాగేపల్లి, చింతామణి తాలూకాల తెలుగు కుటుంబాల కోసం ఇక్కడ ఒకచోట పెడుతున్నాం.

ఊరికి బొమ్మలు వేయించడం మనకు కొత్త కాదు. కొడికొండ చెక్‌పోస్టు దాటి కొంచెం దూరం పోతే లేపాక్షి. 16వ శతాబ్దంలో విజయనగర రాజు అచ్యుతదేవరాయల కాలంలో విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు కట్టించిన ఆ గుడి మంటపం పైకప్పు నిండా బొమ్మలే. విరూపణ్ణ కథ మీ ఇంట్లో పెద్దలు చెప్పే ఉంటారు. రాజుగారి బొక్కసం సొమ్మును అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని నింద వచ్చిందట. శిక్ష పడకముందే ఆయనే తన కళ్లు పెరికి గోడకు కొట్టాడట. ఆ మరకలంటూ ఈనాటికీ చూపిస్తారు. కథ నిజమో కాదో గానీ కల్యాణమంటపం మాత్రం సగంలోనే నిలిచిపోయింది. మంజూరు కాగితం లేకుండా ఊరి పని మొదలుపెట్టేవాళ్లకు మన సీమలో ఇంతకంటే పాత హెచ్చరిక లేదు.

కాబట్టి మొదట కాగితం. గోడ ఎవరిదో తేల్చుకోండి. గుడిబండెలో పట్టణ పంచాయితీది అయితే ముఖ్యాధికారికి, బాగేపల్లిలో అయితే పురసభకు, చింతామణిలో నగరసభకు, పల్లెల్లో గ్రామ పంచాయితీ పీడీఓకు అర్జీ పెట్టాలి. బస్టాండు గోడ కేఎస్సార్టీసీది. ప్రభుత్వ పాఠశాల అయితే హెడ్మాస్టరుతో పాటు ఎస్‌డీఎంసీ తీర్మానం కూడా ఉండాలి. ఇంటి గోడ అయితే యజమాని సంతకం తప్పనిసరి, అద్దెకున్నవాళ్ల మాట చెల్లదు. అర్జీ కన్నడలో రాయండి. గోడ ఫోటో, కొలతలు, వేయబోయే బొమ్మ నమూనా జతచేయండి. బహిరంగ స్థలాల్ని పాడుచేయకుండా కర్ణాటకలో 1981 నాటి చట్టం ఒకటుంది. అనుమతి లేని గోడరాతలు దాని కిందికి రావచ్చు. నోటిమాటగా ‘కానివ్వండి’ అన్న అధికారి రేపు బదిలీ అవుతారు, కాగితం బదిలీ కాదు.

గుడిబండె కోట బండల మీద, మెట్ల పక్కన రంగు అన్న ఆలోచనే వద్దు. బైరేగౌడ కట్టించిన ఆ కోటలో వాననీళ్లు పట్టుకోవడానికి ఒకదానికొకటి కలుపుతూ తొలిచిన 19 దొణలు ఉన్నాయి. అదే ఒక పెద్ద కళ. దాన్ని కింద ఊళ్లో, బస్టాండు దారిలో గోడ మీద కోత పటంలా గీస్తే, కొండెక్కలేని ముసలివాళ్లకూ ఆ నీళ్ల దారి అర్థమవుతుంది. కోట మీదినుంచి చూస్తే బైరసాగరం చెరువు భారతదేశ పటంలా కనిపిస్తుందంటారు. అదీ మంచి బొమ్మే.

ఇక దుడ్ల సంగతి. ఇక్కడే ఎక్కువ పనులు ఆగిపోతాయి.

చిన్న గోడకు ఇంటింటి చందాను మించింది లేదు. జాతరకు, వినాయకుడికి ఎత్తే చందా మనకు తెలిసిందే. తేడా ఒక్కటే: జాతరకు దేవుడే ఆడిటర్ అని ఊరుకుంటారు, గోడకు అట్లా ఊరుకోరు. రసీదు పుస్తకం, ఇద్దరి సంతకాలతో నడిచే బ్యాంకు ఖాతా ముందే పెట్టుకోండి. చివర్లో ఖర్చు పట్టీని అదే గోడ పక్కన నోటీసుగా అంటించండి. ఏటా పని చేసే ఉద్దేశం ఉంటే 1960 నాటి కర్ణాటక సంఘాల నమోదు చట్టం కింద సంఘం పెట్టుకోవచ్చు, దానికి కనీసం ఏడుగురు సభ్యులు కావాలి.

పట్టణ పంచాయితీ సొమ్ము కావాలంటే ఏప్రిల్లో అడిగి లాభం లేదు, అప్పటికి బడ్జెట్ అయిపోయి ఉంటుంది. చలికాలంలో జరిగే బడ్జెట్ పూర్వభావి సభలో మీ వార్డు సభ్యుడి చేత లేవనెత్తించండి. స్వచ్ఛ భారత్ మిషన్‌లో జనజాగృతి కోసం వేరే పద్దు ఉంది, గోడబొమ్మలు దానిలోంచి వేస్తారు. కాకపోతే ఆ దుడ్లతో వచ్చే బొమ్మలో గాంధీ కళ్లద్దాలు, చెత్తబుట్ట, నినాదం ఉంటాయి. మీకు కావలసింది దొణల పటం అయితే ఆ పద్దు సరిపోదు. ఇంకో చిక్కు టెండరు. 1999 నాటి పారదర్శకత చట్టం ప్రకారం ఒక పరిమితి దాటిన పనికి టెండరు పిలవాలి, తక్కువ రేటు వేసినవాడికే పని పోతుంది. కాలువ తవ్వడానికి అది సబబే గానీ, బొమ్మకు కాదు. అందుకే మా అభిప్రాయం: పంచాయితీని గోడ మరమ్మతు, సున్నం, లైటు అడగండి. బొమ్మ ఖర్చు మీరు పెట్టుకోండి.

ఎంపీ నిధులు ఏడాదికి 5 కోట్లు ఉంటాయి కదా అని కొందరు అటు పరుగెత్తుతారు. అవి శాశ్వత ఆస్తుల కోసం ఉద్దేశించినవి. గుడి, మసీదు, చర్చి ఆవరణల్లో పనికి అసలు వాడకూడదు. రంగు పనికి అక్కడ సమయం వృథా చేసుకోవద్దు.

కంపెనీల సీఎస్సార్ సొమ్ము వేరు. 2013 కంపెనీల చట్టం 135వ సెక్షను కింద 500 కోట్ల నికర విలువ, లేదా 1000 కోట్ల టర్నోవరు, లేదా 5 కోట్ల నికర లాభం ఉన్న కంపెనీ, గత మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం సమాజం కోసం ఖర్చుపెట్టాలి. 7వ షెడ్యూలులో కళ, సంస్కృతి, వారసత్వ రక్షణ స్పష్టంగా ఉన్నాయి. తాము పనిచేసే ప్రాంతానికి ప్రాధాన్యం ఇవ్వాలనీ చట్టంలో ఉంది, కాబట్టి గౌరిబిదనూరు పారిశ్రామిక వాడ వైపు చూడటంలో అర్థం ఉంది. అయితే వీధి కమిటీకి నేరుగా ఇవ్వరు. సొమ్ము తీసుకునే సంస్థకు 12ఎ, 80జి నమోదులు, మూడేళ్ల అనుభవం ఉండాలి, 2021 ఏప్రిల్ నుంచి సీఎస్సార్-1 ఫారం నమోదు కూడా. జిల్లాలో ఇప్పటికే ఇవన్నీ ఉన్న ట్రస్టును వెతుక్కుని దాని పేరు మీద అడగడమే తేలిక.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపే సొమ్ము విషయంలో జాగ్రత్త. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదనలోంచి బ్యాంకు ద్వారా పంపితే చిక్కులేదు. అక్కడి పౌరసత్వం తీసుకున్నవాళ్లు, చేతిలో ఓసీఐ కార్డు ఉన్నా సరే, చట్టం దృష్టిలో విదేశీ దాతలే. వాళ్ల విరాళం తీసుకోవాలంటే సంఘానికి 2010 నాటి ఎఫ్‌సీఆర్ఏ కింద నమోదో ముందస్తు అనుమతో ఉండాలి, ఖాతా ఢిల్లీ ఎస్‌బీఐ ప్రధాన శాఖలో తెరవాలి. కొడుకో కూతురో పంపిందే కదా అని సంఘం ఖాతాలో వేసుకుంటే సంఘమంతా ఇరుక్కుంటుంది.

గోడకు ఎంతవుతుందో ముందే లెక్క వేసుకోవచ్చు. 40 అడుగుల పొడవు, 8 అడుగుల ఎత్తు అంటే 320 చదరపు అడుగులు. బయటి గోడలకు వేసే ఎమల్షన్ రెండు పూతలకు లీటరుకు సుమారు 50 చదరపు అడుగులు వస్తుంది, అంటే అడుగు రంగుకే ఆరున్నర లీటర్లు. దానికి ముందు ప్రైమరు ఒక పూత. పైన బొమ్మ రంగులు, పెయింటరు కూలి, నిచ్చెనలు, భోజనాలు. నూటికి పదిహేను రూపాయలు తర్వాతి మరమ్మతుకు పక్కన పెట్టండి. చాలామంది మర్చిపోయేది గోడ మరమ్మతు. పాత సున్నం పొరలు గీకకుండా రంగు వేస్తే ఒక్క వానకే పెచ్చులు లేస్తుంది. కొత్త సిమెంటు పూత అయితే దాదాపు నెలరోజులు ఆరనివ్వాలి. నేల నుంచి తేమ ఎక్కుతుంది కాబట్టి అడుగు భాగాన రెండు అడుగులు బొమ్మ లేకుండా ఎర్రమన్ను రంగు పట్టీ వదలండి. బెంగళూరులో పేరు చెప్పుకోకుండా వీధి మూలలు బాగుచేసే ‘ది అగ్లీ ఇండియన్’ బృందం ఈ ఎర్ర పట్టీనే వాడుతుంది, పాన్ మరక పడినా కనపడదు. పడమటి ఎండ తగిలే గోడకు ముదురు గులాబీ, నిమ్మపసుపు రంగులు తొందరగా వెలిసిపోతాయి, మట్టి రంగులు నిలుస్తాయి. వానలు వెళ్లాక జనవరి నుంచి మార్చి లోపు పని పెట్టుకోండి.

మూత్రం పోయకుండా ఉండటానికి దేవుళ్ల బొమ్మలు వేయించడం ఒక అలవాటు. దయచేసి వద్దు. దేవుడికీ అవమానమే, ఊరికీ తగవే.

ఎవరి చేత వేయించాలి? ఫ్లెక్సీలు వచ్చాక పనిపోయిన బోర్డు పెయింటర్లు ప్రతి తాలూకాలోనూ ఉన్నారు. బెంగళూరు మహానగర పాలికె 2009 ప్రాంతంలో నగర గోడల మీద బొమ్మలు వేయించినప్పుడు సినిమా బ్యానర్ల పెయింటర్లకే పని ఇచ్చింది. పెద్ద కొలతలో గీయడం వాళ్లకు చేతనైన విద్య. ధర్మవరం దగ్గర నిమ్మలకుంటలో తోలుబొమ్మల కుటుంబాలు ఉన్నాయి, అక్కడి దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. తోలుబొమ్మ గీత గోడ మీద కూడా ఎంతో అందంగా ఉంటుంది. హైదరాబాదు మక్తా బస్తీలో 2016లో స్టార్ట్ ఇండియా ఫౌండేషన్ ఇళ్ల గోడల మీద వేయించిన బొమ్మలు పేరుపడ్డాయి గానీ, అంత ఖర్చు మన వార్డులకు అవసరం లేదు.

భాష సంగతి మనవాళ్లు గట్టిగా అడగరు, లోపల మాత్రం బాధపడతారు. రాజ్యాంగం 29వ అధికరణ తన భాషను, లిపిని కాపాడుకునే హక్కు ప్రతి వర్గానికీ ఇచ్చింది. వ్యాపార సంస్థల బోర్డుల్లో 60 శాతం కన్నడ ఉండాలన్నది రాష్ట్ర చట్టం. గోడబొమ్మ దుకాణం బోర్డు కాకపోయినా, పైన కన్నడ, కింద తెలుగు రాయించడం మేలు, మొదటి నమూనాలోనే రెండూ చూపించి సంతకం తీసుకోండి. తర్వాత చేర్చిన తెలుగే గొడవ తెస్తుంది. తగవు రాని విషయం కావాలంటే కైవారం తాతయ్య ఉన్నారు. చింతామణి తాలూకా కైవారం నారేయణ యతీంద్రులు రెండు భాషల్లోనూ చెప్పారు, ఆయన బొమ్మ కింద రెండు లిపులూ సహజంగా ఇముడుతాయి. ఊరి పేరు మాత్రం బొమ్మలో కలపకుండా విడి పలక మీద రాయించండి. 2025 జూలైలో నంది కొండ మీద జరిగిన మంత్రివర్గ సమావేశం బాగేపల్లిని భాగ్యనగరగా మార్చడానికి ఆమోదం తెలిపింది, పేర్లు మారుతుంటాయి.

చివరిగా ఒప్పందం. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన పెద్ద కంచు కుడ్యశిల్పాన్ని 1979లో ప్రభుత్వం ఊడదీసి గోదాములో పడేసింది. ఆయన కోర్టుకెక్కారు. 2005లో ఢిల్లీ హైకోర్టు, కాపీరైటు చట్టం 57వ సెక్షను ప్రకారం అది కళాకారుడి నైతిక హక్కును భంగపరచడమేనని చెప్పి 5 లక్షల పరిహారం ఇప్పించి, మిగిలిన ముక్కలు ఆయనకే అప్పగించమంది. అమ్మేసిన తర్వాత కూడా కళాకారుడికి హక్కు ఉంటుందన్నమాట. అందుకని ఒక పేజీ ఒప్పందంలో ఇవి రాసుకోండి: పెయింటరు పేరు గోడ మీద ఎక్కడ ఉంటుంది, దుడ్లు ఎన్ని విడతల్లో ఇస్తారు, బొమ్మ ఎన్నేళ్లు ఉంచుతారు, గోడ కూల్చాల్సి వస్తే ఎన్ని రోజుల ముందు చెబుతారు, వెలిసిన చోట మళ్లీ రంగు ఎవరు వేస్తారు. వాడిన రంగుల కంపెనీ షేడ్ నంబర్లు కూడా అదే కాగితం వెనక రాసిపెట్టండి. మూడేళ్లకు చిన్న మూల పెచ్చు ఊడినప్పుడు అదే రంగు దొరకాలి.